చుక్కల బాస, తోకల బాస

పెద్దమ్మ పోయిందని నాకు అన్నం తినేటప్పుడు తెలిసింది. మా షెడ్డు వాళ్ళకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. పొద్దున దండాలు, పూల బొమ్మలు, ఎవరో ఒకరి పుట్టినరోజు. మంగళవారం మధ్యాహ్నం ఒక పూల బొమ్మకూ ఒక పెళ్ళి పత్రికకూ నడుమ ఒక్క ముక్క వచ్చింది: "పెద్దమ్మ ఇగ లేదు." దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను. గంట మోగింది. డబ్బాలు కడుక్కుని మళ్ళీ పనిలోకి పోయాం. ఒక మనిషికి అంతేనా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. మేడ్చల్ దాటాక ఉన్న ఒక కాగితం మిల్లులో ఇద్దరం రద్దీ, అంటే చిత్తుకాగితం, ఏరేవాళ్ళం. మిల్లు పేరు రాయను. రాస్తే నా గేటు కార్డు గుంజుకుంటారు, నాకింకా ఆ పని కావాలి. పరాయి దేశాల్లో జనం పారేసిన కాగితం ఇనుప తీగలతో కట్టిన పెద్ద పెద్ద మూటలుగా మా దగ్గరికి వస్తుంది. తీగలు కోసి బెల్టు మీద పోస్తారు. బెల్టుకు అటూ ఇటూ నిలబడి ప్లాస్టిక్కు, పేలికలు, ఇనుప ముక్కలు ఏరి పారేయడం మా పని. మిగిలిన కాగితం బెల్టు చివర ఉన్న నీళ్ళ గుంతలో పడుతుంది. దాన్ని పల్పర్ అంటారు. అడుగున రెక్క తిరుగుతుంటుంది. అందులో పడ్డది ఏదైనా సరే, కాసేపట్లో గుజ్జే.

పద్నాలుగేళ్ళు ఆమె ఆ దుమ్ములో నిలబడింది. ముక్కుకు అడ్డం కట్టుకున్నది తన కొంగు ఒక్కటే. దమ్ము రోగంతో, ఊపిరాడక పోయింది. ఆస్పత్రి చీటీలో మాత్రం గుండె ఆగి చనిపోయిందని రాశారు. గుండె ఆగకుండా ఎవరు పోతారో నాకు తెలియదు.

ఆ మూటల్లో బొమ్మల కథల పుస్తకాలు వచ్చేవి. అక్కడ అమ్ముడుపోని వాటికి అట్ట చింపి రద్దీకి వేస్తారట. అందుకే మాకు దొరికిన వాటికి పేరుండేది కాదు. పుస్తకం మొత్తంగా దొరకడం కూడా అరుదే. మూట కట్టే యంత్రం నడుముకు విరిచేసేది, మిగిలినది వాన నీళ్ళకు అంటుకుపోయేది. ఏ పేజీకి ఆ పేజీ దొరికినట్టు. పెద్దమ్మ వాటిని ఏరుకునేది. ప్లాస్టిక్కు కోసం చాచిన చేయే ఒక కాగితాన్ని కూడా లాగేది, అది ఎప్పుడు మడత పడిందో ఎప్పుడు టిఫిన్ డబ్బాలోకి పోయిందో పక్కన నిలబడ్డ నాకే చాలా రోజులు తెలియలేదు.

ఆమెకు ఐదో తరగతి చదువు. తెలుగు కూడబలుక్కుని చదివేది. ఈ పుస్తకాలు తెలుగువీ కావు, ఇంగ్లీషువీ కావు. ఏ దేశానివో ఆమెకు తెలియదు గానీ దేనికదే గుర్తుపట్టేది. అక్షరాల నెత్తిన రెండు చుక్కలుంటే అది చుక్కల బాస. అక్షరం కింద తోక వేలాడితే తోకల బాస. నెత్తిన గొడుగు తలకిందులుగా పెట్టినట్టుంటే గొడుగుల బాస. సున్నాను అడ్డంగా కొట్టేసినట్టుంటే కొట్టివేతల బాస. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. తర్వాత నేర్చుకున్నదంతా ఈ రద్దీలో, ఫోన్‌లో నేర్చుకున్నదే. ఒకరోజు నా తెలివి చూపిద్దామని, చుక్కలది ఫలానా దేశం, తోకలది ఫలానా దేశం అని చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"దేశాల పేర్లు నాకెందుకురా. నేను గాడికి పోతనా ఏంది?"

సూపర్‌వైజరు బూతులు తిట్టి పోయినప్పుడల్లా కొత్తగా చేరిన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వాళ్ళకు ఈమె చెప్పేది ఒకటే. చుక్కల బాసల తిట్టిండనుకోండ్రి, మనకు రాని బాసల తిట్టినా ముద్దుగనే ఉంటది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ తిట్లు నాకు తెలుగులోనే వినపడేవి. ఇప్పటికీ వినపడుతున్నాయి.

కొత్త పేజీ దొరికితే మర్నాడు అన్నాల దగ్గర చదివి వినిపించేది. చదవడమంటే బొమ్మ చూసి మాటలు తనే వేయడం. ఫోన్‌లో పెడితే ఆ రాతకు అర్థం వస్తుందని నేను రెండు మూడుసార్లు అన్నాను. వద్దంది. బొమ్మ అబద్ధమాడదట, మాట ఆడుతుందట. ఇంకా తీగలు కోయని మూటల మీద ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్ళు. ఒక కథలో ఒక పిల్ల మొండికేసిన గాడిదను గుంజుతుంటుంది. పెద్దమ్మ ఆ పిల్ల గొంతు పెట్టి, "నడువే గాడ్దీ, నీ అయ్య జాగీరనుకున్నవా గీ తొవ్వ?" అనేది. గండిమైసమ్మ నుంచి వచ్చే ఒకామె, ఆ దేశంలో కూడా ఇట్లాగే తిడతారా అని ఎగతాళి చేసింది. పెద్దమ్మ తడుముకోలేదు. గాడిదకు ఏ దేశమైతే ఏంది, దానికి అదే తిట్టు అంది.

ఇంట్లో ఆమెకు రేకుపెట్టె నిండా ఇలాంటి కాగితాలు ఉండేవి. కానీ ఈ పిల్లదీ గాడిదదీ కథ వేరు. మిగతావి ముక్కలు. ఇదొక్కటీ పుస్తకం అయింది. ఎట్లా అంటే, ఈ కథ నాలుగు బాసల్లోనూ అచ్చయింది, నాలుగింటి ముక్కలూ మా మిల్లుకు వచ్చాయి. బొమ్మలు అవే, మాటల బుడగల్లో రాత మాత్రం వేరు. ఒక ఊరు, ఊరి పక్కన ఏరు, రొట్టెలు అమ్మే పిల్ల, ఒక చెవి తెగిన గాడిద. పిల్ల చుక్కల బాసలో ఇల్లు వదిలి బయలుదేరేది. కొట్టివేతల బాసలో వంతెన దాటేది. తోకల బాసలో వాన మొదలయ్యేది. పేజీల అంకెలు చూసి పెద్దమ్మ వాటిని వరుసలో పెట్టింది. ఆమె పెనిమిటి బతికున్నప్పుడు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. వల అల్లే దారంతోనే ఆ పేజీలు కుట్టింది, కొత్తది దొరికితే ముడి విప్పి ఇరికించుకునేటట్టు. ఆరేళ్ళు పట్టింది. నలభై ఆరు పేజీలు, అంటే ఇరవై మూడు కాగితాలు. ఒక్క కాగితమే తక్కువ, నలభై ఒకటి నలభై రెండు ఉండేది. నడిమిట్ల ఒక్కటి లేకపోతే ఏం పాయె అనేది.

ఆ పుస్తకం ఎట్లా అయిపోయేదో చెప్పాలి. నలభై నాలుగో పేజీలో గోడ కూలి పిల్ల వరదలో పడుతుంది. నీళ్ళ మీద రెండు చేతులు, అంతే. తిప్పితే ఆఖరి కాగితం. పిల్ల ఇంటికప్పు మీద కూర్చుని గాడిదకు పెడుతూ తానూ రొట్టె తింటోంది. బతికింది. ఆ బొమ్మ వచ్చినప్పుడల్లా షెడ్డులో ఆడవాళ్ళు తమ డబ్బాల్లో మిగిలింది కూడా తృప్తిగా తినేవాళ్ళు.

నేను ఆగలేకపోయాను. వరదలో పడ్డ పిల్ల బట్టలు పొడిగా ఎట్లా ఉన్నాయని అడిగాను. ఎండకు ఆరాయంది. బొమ్మలో ఎండ ఎక్కడుంది, అంతా మబ్బే కదా అన్నాను.

"నీకు కడుపుల మంటరా. పిల్ల సల్లగ గూసోని రొట్టె తింటుంటె ఓర్వవు."

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. ఒక ఆదివారం వాళ్ళింటికి పోయి, రేకుపెట్టెలోని విడి కాగితాలన్నీ తిరగేశాను. గాడిద వంతెన మీద మొండికేసిన బొమ్మ రెండు బాసల్లో దొరికింది. కొట్టివేతల బాసలో అది పన్నెండో పేజీ. గొడుగుల బాసలో పదహారో పేజీ. అప్పుడు అర్థమైంది. గొడుగుల బాస వాళ్ళు ముందున్న అట్టనూ ప్రకటననూ కూడా కలుపుకుని అంకెలు వేశారు. నాలుగు ఎక్కువ. పెద్దమ్మ కుట్టిన పుస్తకంలో గొడుగుల బాస కాగితం ఒకే ఒక్కటి, రొట్టె తినే కాగితం. దాని మీద నలభై ఐదు అని ఉంది గానీ అది నిజానికి నలభై ఒకటి. పిల్ల రొట్టె తిన్నది వరదలో పడకముందు. నడుమ ఏ కాగితమూ తక్కువ లేదు. లేనిది ఆఖరిది.

ఇది నేను ఆమెకు చాటుగా చెప్పలేదు. మర్నాడు అన్నాల దగ్గర, అందరి ముందు, వేళ్ళ మీద లెక్క వేసి మరీ చెప్పాను. గెలిచినట్టు నవ్వాను కూడా. చదువుకోనివాడికి ఒక్కసారి తన తెలివి రుజువైతే ఎంత కక్కుర్తి పుడుతుందో నాకు తెలుసు. పెద్దమ్మ డబ్బా మూసింది. ఇంటికి పోయి ముడి విప్పి ఆ కాగితాన్ని దాని అసలు చోట కుట్టింది. మర్నాడు బెల్టు దగ్గర నా పక్కన నిలబడి, నా ముఖం చూడకుండా చెప్పింది.

"నువ్వన్నదే కరెక్టురా. బట్టలు గందుకే పొడిగున్నయి." కాసేపు ఏరి మళ్ళీ అంది: "గా చేతులు సూసినవా? వేళ్ళు ఇడిసి పెట్టింది. ఈత వచ్చినోళ్ళు దగ్గరికి వెడ్తరు. పిల్లకు ఈత రాదు."

చెరువు మీద బతికిన ఇంటి మనిషి ఆమె.

అప్పట్నుంచి ఆమె ఇంకే పుస్తకమూ ఏరలేదు. ఆఖరి కాగితం కోసమే చూసేది. అట్ట లేని పుస్తకాన్ని ఫోన్‌లో వెతకడం ఎట్లాగో నాకు తెలిసినంత వెతికాను. బొమ్మ ఫొటో తీసి పెడితే గాడిద బొమ్మ ఉన్న చొక్కాలు అమ్మే దుకాణాలు చూపించింది. బుడగల్లోని మాటలు పెడితే రొట్టెలు చేసే పద్ధతి వచ్చింది.

ఈ సంగతి విన్న ఒకాయన, పాపం ఆమె కూతురు గాని నీళ్ళలో పోయిందా అని అడిగాడు. లేదు. ఆమెకు ఒక్కడే కొడుకు, నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, నిక్షేపంగా ఉన్నాడు. ఆమెకు ఆ కథ ఎట్లా అయిపోయిందో తెలుసుకోవాలని ఉండింది. కూలి మనిషికి ఒక కథ చివర తెలుసుకోవాలని ఉండడానికి ఇంట్లో ఒక చావు కావాలా?

పోయిన వానాకాలంలో ఆ కాగితం దొరికింది. దొరికింది నాకు. తడి అట్టముక్కకు అతుక్కుని బెల్టు మీద వస్తోంది. మూల మీద నలభై ఐదు. పైన తోకల అక్షరాలు. గాడిద తెగిన చెవి కనిపించింది. అంతలో సూపర్‌వైజరు ఇటు తిరిగాడు. కాగితాన్ని పీకి మడత పెట్టి పెద్దమ్మ చేతిలో కుక్కాను. ఏంటిదని అడగలేదు. నా ముఖం చూసి తెలుసుకుంది. ఆమె వేళ్ళు మడత విప్పబోతున్నాయి. నేనే ఆపాను. ఇక్కడ దొంగచాటుగా వద్దని, ఇంటికి పోయి మొదటి పేజీ నుంచి వరుసగా చదువుకుని చివర ఇది చూడమని చెప్పాను. మంచి మాటే అనుకున్నాను. ఆమెకూ నచ్చింది.

"ఇన్ని దినాలు ఆగినం. పొద్దుమూకే దాక ఆగలేమా."

ఆ వారం షెడ్డులో మోటారు రాగితీగ పోయిందని గేటు దగ్గర డబ్బాలు విప్పి చూస్తున్నారు. నాకా సంగతి తెలుసు. ఆడవాళ్ళవి చూడరనుకున్నాను. ఆ సాయంత్రం ఆడవాళ్ళవీ చూశారు. పెద్దమ్మ డబ్బా అడుగున మడత పెట్టిన కాగితం వచ్చింది. సూపర్‌వైజరును పిలిచారు. అది కంపెనీ మాలు అన్నాడాయన. రద్దీయే కదా సారూ అంది పెద్దమ్మ. రద్దీ అయితే ఇంటికెందుకు అన్నాడు.

"ఒక్కపారి సూసి ఇస్త సారూ. సూసి మీకే ఇస్త."

అరవై దాటిన మనిషి అట్లా అడుగుతుంటే, ఆయన మడత కూడా విప్పలేదు. వాచ్‌మన్‌కిచ్చి బెల్టు మీద వేసి రమ్మన్నాడు. ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు. వాచ్‌మన్ కుంటికాలు ఈడ్చుకుంటూ షెడ్డు వైపు నడిచాడు. వరుసలో ఆమె వెనక నాలుగోవాణ్ణి నేను. పరుగెత్తితే అందుకునేవాణ్ణి. ఏరింది నేనే అని ఒక్క మాట చెప్పినా సరిపోయేది. జేబులో నా కార్డు ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. నేను ఎవరి మీదైనా కోపంగా రాస్తే మీరు ఈ వాక్యం కూడా గుర్తు పెట్టుకోండి.

ఆ తర్వాత పెద్దమ్మ తూంకుంటలో కొత్తగా లేచిన విల్లాల్లో ఊడ్చే పనికి కుదిరింది. ఒకింట్లో పిల్లల గదినిండా బొమ్మల కథల పుస్తకాలున్నాయట. ఇంగ్లీషువి, అట్టలతో సహా. ముట్టుకోవద్దన్నారా అని అడిగాను. ముట్టుకోవచ్చట గానీ ఆమెకే బుద్ధి పుట్టలేదట. అన్ని పేజీలూ ఉన్న పుస్తకంలో మజా ఏముంటుందని నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది. ఒక్కసారి తిట్టమని అడగాలనిపించేది, అడగలేదు.

చలికాలానికి మంచం ఎక్కింది. ఆదివారాలు సూరారం నుంచి రెండు బస్సులు మారి పోయేవాణ్ణి. రెండు దిండ్లు వెనక పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే ఊపిరి ఆడదు. మాట్లాడే ఓపిక తక్కువ, అందుకని అడగాల్సిందే అడిగేది. ఆ కాగితంలో నువ్వేం చూశావు? గాడిద చెవి ఒక్కటే చూశానని చెప్పేవాణ్ణి. గాడిద బతికిందంటే పిల్ల కూడా బతికినట్టే కదా అనేది. ఏమో పెద్దమ్మా అనేవాణ్ణి. మూడు ఆదివారాలు ఇదే.

నాలుగో ఆదివారం నేను అబద్ధం చెప్పాను. దారిలో బస్సులో కూర్చుని తయారుచేసుకున్నాను. మొన్న సరిగ్గా చెప్పలేదనీ, గాడిద పక్కన పిల్ల కూడా ఉందనీ, బతికే ఉందనీ చెప్పాను. పెద్దమ్మ కళ్ళు తెరిచింది. చాలాసేపు నా వైపే చూసింది.

"ఏ దిక్కు సూస్తాంది పిల్ల?"

నేను దానికి సిద్ధపడలేదు. నోటికొచ్చింది చెప్పాను. "మన దిక్కే పెద్దమ్మా. మనల్ని జూసి నవ్వుతాంది."

ఆమె మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"గా పుస్తకంల ఎవ్వలూ మన దిక్కు సూడరు బిడ్డా. ఒగల దిక్కు ఒగలు సూస్కుంటరు, గంతే."

నిజమే. నలభై నాలుగు పేజీల్లో ఒక్క బొమ్మ కూడా మమ్మల్ని చూడదు. ఆరేళ్ళు ఆమె వాళ్ళను చూసింది, ఆ సంగతి ఆమెకు తెలుసు. పేజీల అంకెలు లెక్కపెట్టిన నాకు తెలియదు. నేను తల దించుకున్నాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, పొయ్యి మీద చాయ్ ఉంది, తాగి పొమ్మంది. తాగి వచ్చాను. మళ్ళీ ఆదివారం దాకా ఆమె ఆగలేదు.

బుధవారం మధ్యాహ్నం కాటికి తీసుకుపోయారు. షెడ్డు నుంచి నేనొక్కణ్ణే పోయాను, మిగతావాళ్ళకు సెలవు దొరకలేదు. నాకూ ఇవ్వలేదు, పోయాను. చితి పేర్చాక ఆమె కొడుకు ఆ పుస్తకం చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. తమ్మీ, నువ్వు తీసుకుంటావా, అమ్మతో పెట్టాలా అని అడిగాడు. తీసుకుంటానని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నా గదిలో అది ఉంటే నేను దాన్ని తెరవకుండా ఉండలేను, తెరిస్తే ప్రతిసారీ ఆ చేతుల దగ్గర ఆగాలి. అమ్మతోనే పెట్టు అన్నా అని చెప్పాను. ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు.

ఆ పుస్తకాలకు వాడే నున్నటి మెరుపు కాగితంలో సుద్ద ఎక్కువ ఉంటుంది. మిల్లులో పనిచేసేవాడికి అది తెలుసు. ఊరికే నిప్పు అంటుకోదు, అంటుకున్నాక ఊరికే రాలిపోదు. కాలి, బూడిద రేకులా అయి అట్లాగే నిలబడుతుంది, అచ్చు కూడా కనపడుతుంటుంది. అందరూ వెనక్కి తిరగకుండా పోయారు. నేను పోలేదు. కర్ర పట్టుకుని నిప్పులు సర్దే ముసలాయన పుస్తకం పెట్టిన మూలకు వచ్చి ఆగాడు. బూడిద రేకు ఒకటి పైకి లేచి ఉంది. దాని మీద గీతలు, బుడగ, బుడగలో రాత.

"ఇదేం బాస బిడ్డా?" అన్నాడు.

నాకు రాదన్నాను.

ముట్టుకుంటే రాలిపోతుందని ఆయనకూ తెలిసినట్టుంది. కర్రను వెనక్కి తీసి చంకలో పెట్టుకున్నాడు. పొగకు కళ్ళు చికిలించి, రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టుకుని, అటు వైపు నుంచి ఇటు వైపుకు మెల్లగా తల తిప్పుతూ, వంగి దాన్ని చూస్తూ నిలబడ్డాడు.